రంగుల షెడ్డులో గాలి లెక్క

జూలై 8, మంగళవారం

మళ్ళీ వేరే జవాబు. అదే షెడ్డు, గోడకు పెట్టబోయే అదే ఫ్యాన్, నూలు ముంచే అదే రంగుల తొట్టి. నిన్న కంప్యూటర్‌లో వేసిన లెక్క రన్‌లో ఆవిరి తిన్నగా ఫ్యాన్‌లోకి వెళ్ళింది. ఇవాళ షెడ్డులోని గాలిని ఇంకా చిన్న గళ్ళుగా విడగొట్టి లెక్క వేయిస్తే — వెనక్కి తిరిగి, తొట్టి ముందు నిలబడే మనిషి ముఖం ఎత్తులో సుడి తిరుగుతోంది.

ఆ నిలబడే మనిషి మా పిన్ని. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

జూలై 9

మా ఆఫీసు హెడ్ శేఖర్ సార్‌కి రెండు రన్‌ల బొమ్మలూ చూపించాను. మొదటిదాన్ని వేలితో తట్టి, 'పోదుమ్మా' — ఇది చాలు, పంపేయమని. గుడియాత్తం నుంచి షెడ్డు ఓనర్ ఒకటే ఫోన్లట. గళ్ళు మార్చినప్పుడల్లా జవాబు మారితే మనల్ని ఎవరు నమ్ముతారు, అన్నాడు.

నేనూ అదే అడుగుతున్నాను.

జూలై 10

తప్పు గళ్ళది కాదు. వాటిని కదిలించకుండా, మొదట్లో ఇచ్చే గాలి వేగం ఒక్కటే మార్చి చూశాను. అప్పుడూ రెండు జవాబులు. అంటే అక్కడ గాలి కుదురుకోవడమే లేదు. కుదురుకున్నట్టు నేనే బలవంతంగా ఆపి ఫోటో తీస్తున్నాను.

జూలై 12

ఈసారి ఆపకుండా, క్షణక్షణం కదిలేలా రన్ పెట్టాను. ఆవిరి కాసేపు ఫ్యాన్ వైపు... కాసేపు పిన్ని వైపు. సగటు తీస్తే అందమైన బొమ్మ వస్తుంది. సగటును ఎవరు పీలుస్తారు?

జూలై 13, ఆదివారం

గుడియాత్తం. షెడ్డుకి సెలవు, తాళం పిన్ని దగ్గర. గోడకు పెట్టేముందు చూసేందుకని కిటికీలో తాత్కాలికంగా కట్టి ఉంచిన ఫ్యాన్ వేసి, తొట్టి అంచున ఊదుబత్తులు వెలిగించాను. పొగ ఫ్యాన్ దాకా సాగింది. హమ్మయ్య అనుకునేలోపు పెరటి తలుపు నుంచి గాలి కొట్టింది — పొగ మడతపడి పిన్ని ముఖం మీదికి. దగ్గింది. మళ్ళీ వెలిగించాను. తిరగలేదు. ఇంకోసారి. తిరగలేదు.

ఒక్కసారి కనబడింది రుజువవుతుందా?

"గోడకి ఫ్యాన్ వస్తే మంచిదే కదమ్మా?"

"యాడ పెడతారనేదే ముఖ్యం పిన్నీ."

"పోయిన నెల కండ్లు తిరిగి పడినాను కదా, అప్పట్నుంచి నన్ను తీసేయాలనే చూస్తా ఉండాడు ఓనరు. నువ్వు మెలిక పెడితే నా పేరే ముందొస్తాది. సుమ్మనుండమ్మా, ఏమీ అనొద్దు."

జూలై 14

రిపోర్టులో రెండు బొమ్మలూ పెట్టాను. గోడకు వద్దు, తొట్టి మీద రేకు గొడుగు కట్టి దాని నెత్తిన ఫ్యాన్ పెట్టండని రాశాను. సార్ ఆ పేజీ తీసేశాడు.

"అయితే నా పేరు కూడా తీసేయండి సార్."

సార్ తీసేసిన పేజీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. చివరికి — గొడుగుతో ఏ గళ్ళలోనైనా ఒకే జవాబు వస్తుందని చూపించు, అప్పుడు నేనే సంతకం పెడతాను, అన్నాడు.

న్యాయమైన మాట. అందుకే భయం.

జూలై 15

పెద్ద గళ్ళు. ఆవిరి గొడుగులోకే.

జూలై 16

మధ్యరకం గళ్ళు. పెరటి తలుపు తెరిచి ఉంచినా గొడుగులోకే. నమ్మబుద్ధి కావడం లేదు. చిన్న గళ్ళ రన్ మొదలుపెట్టాను. ఇదే అసలుది.

సాయంత్రం పిన్ని ఫోన్. "రేపు ఫ్యానుకి గోడ పగలగొట్టేదానికి మేస్త్రీ వస్తాడంట. మీ ఆఫీసోళ్ళని రమ్మన్నారు. నువ్వు రావొద్దు, ఇంకెవర్నైనా పంపించు."

జూలై 17

సార్ నన్నే పంపాడు. రెండు బొమ్మల సంగతి, గొడుగు సంగతి ఓనర్‌కి ముందే ఫోన్‌లో చెప్పాడట.

షెడ్డులో అడుగు పెట్టగానే ఓనర్ నా చేతిలో చాక్‌పీస్ పెట్టాడు. "గోడకా, తొట్టి పైనా? ఒక్క చోట గీసి చూపించమ్మా. రెండు బొమ్మలు నాకొద్దు." పిన్ని నూలు ముంచుతూనే ఉంది. తల ఎత్తలేదు. నన్నెరగనట్టే.

ఒక ఫోన్ చేసుకుని వస్తానని బయటికొచ్చి, మెట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆఫీసు కంప్యూటర్ ఫోన్‌లో కనబడుతోంది. చిన్న గళ్ళ రన్ ఇంకా నడుస్తోంది. లెక్కలో మిగిలిన తేడాని చూపే గీత అది; లెక్క కుదిరితే కిందికి దిగాలి, లేకపోతే గొడుగు మాటా నమ్మలేం. దిగుతోంది... ఆగింది... కొంచెం పైకి...

లోపల మేస్త్రీ గోడను సుత్తితో తట్టి చూస్తున్నాడు. ఓనర్ పిలుస్తున్నాడు.