ఫిలింనగర్‌లో ప్రదక్షిణం

కృష్ణానగర్,
మంగళవారం.

చిరంజీవి మేరీకి,

మీ నాన్న దీవించి రాసేది. యేసు మరియ జోజప్పల దయవల్ల అమ్మా నేనూ బాగున్నాం. మఠంలో నువ్వూ, మదరుగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. నయమే. మెట్లెక్కేటప్పుడు మాత్రం నన్ను తిడుతుంది, మూడో అంతస్తులో గది తీసుకున్నది నేనే గనక. ఇక దేవుడికి మాటిచ్చి నువ్వు సిస్టరువయ్యే మొదటి మాటపట్టు పూజకు నాన్న వస్తాడా, ఈసారీ అమ్మ ఒక్కతేనా అన్నావు. దానికి జవాబు రాసేముందు నిన్నటి సంగతి చెప్పాలి.

ఫిలింనగర్‌లో ఒక సినిమాకు మన ఊరి పండుగలాంటిదే తీస్తున్నారు. పునీతురాలి కేశాలను అద్దాల పెట్టెలో పెట్టి, కొవ్వొత్తులతో వీధుల వెంట ప్రదక్షిణం. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో కతోలికుణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పెట్టె పని నా నెత్తినే పడింది. థర్మాకోల్‌తో చేసి బంగారు రంగు కొట్టాను. మన గుళ్ళో దానికంటే బాగా వచ్చిందని గర్వపడ్డాను కూడా, దేవుడు క్షమించాలి. తీరా షాట్ ముందు డైరెక్టరుగారు అద్దంలోంచి చూసి, "లోపల ఖాళీగా ఉందేంటండీ? ఏదో ఒక జుట్టు పెట్టండి, టైమ్ లేదు" అన్నారు.

విగ్గులాయన ఇంకా రాలేదు. నా పనిముట్ల సంచి అడుగున ఒక జడ ఉంది. అది పెట్టేశాను.

పొద్దుగుంకింది. లైట్లన్నీ ఆర్పించారు. మూడు వందల మంది జూనియర్ ఆర్టిస్టులు ఒకరి కొవ్వొత్తి నుంచి ఒకరు వెలిగించుకుంటూ వచ్చారు. పాతికేళ్ళుగా సెట్లు వేస్తున్నవాణ్ణి, ప్లైవుడ్ గోడ ప్లైవుడ్డేనని నాకు తెలియదా? అయినా ఒళ్ళు జలదరించింది మేరీ. మోకాళ్ళమీద కూర్చుండిపోయాను.

షాట్ అయ్యాక అందరూ టీలకు వెళ్తుంటే బాలమణి నా దగ్గరికొచ్చింది. జూనియర్ ఆర్టిస్టే, రహమత్ నగర్‌లో ఉంటుంది, ఎల్లమ్మను కొలిచే మనిషి.

"జర ఆగు అన్నా, మొక్కుకుంట. రేపు నా మనుమరాలికి గుండె ఆపరేషన్ ఉన్నది. ఎవరియి గీ ఎంటికలు?"

ఏదో ఒక పునీతురాలి పేరు చెబుదామనుకున్నాను.

"నా బిడ్డవి, అక్కా."

"అయ్యో, సచ్చిపోయిందా?"

"లేదు. దేవుడికిచ్చాం."

"బతికున్న బిడ్డనే ఇచ్చిండ్రా!" అని నా ముఖంలోకి చూసి, కొంగు పెట్టెకు తాకించి కళ్ళకద్దుకుంది. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకా కొందరు నిలబడ్డారు. ఇది పునీతురాలిది కాదమ్మా అని చెబుతూనే ఉన్నాను. "ఎరికేలే అన్నా, జర జరుగు" అన్నారు. అన్ని కొవ్వొత్తులు నీ జడ చుట్టూ. నాకు భయమేసింది.

ఇప్పుడు అసలు మాట. మఠంలో చేర్చుకుని నీ జుట్టు కత్తిరించిన రోజు నేను రాలేదు. అమ్మ తెచ్చిన జడను ప్రేమకొద్దీ దాచాననుకోకు. నువ్వక్కడ ఇమడలేక తిరిగి వచ్చేయాలని, రెండేళ్ళుగా రోజూ దాన్ని పట్టుకుని ప్రార్థించాను. బాలమణితో 'దేవుడికిచ్చాం' అనేదాకా నేను నిన్ను ఇవ్వనేలేదు తల్లీ.

నిన్న ఇచ్చాను. పూజకు వస్తున్నాను, ముందు వరసలోనే కూర్చుంటాను. మధ్యలో ఏడిస్తే మాత్రం మదరుగారికి నువ్వే సర్దిచెప్పుకోవాలి.

ఇట్లు,
మీ నాన్న
రాయప్ప