పాత బండి ఆయిలే పోశాను

ఏవండీ,

కారు తీసే ముందు బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల లాగి చూడండి. ఇప్పుడు పై గీత దాకా ఉంది. పొద్దున నేను చూసినప్పుడు పుల్ల కొస కూడా సరిగ్గా తడవలేదు.

అవును, పాత బండికని కొనిపెట్టిన డబ్బానే పోశాను. బాగా తిరిగిన బండ్లకని దాని మీద రాసున్నంత మాత్రాన, కొత్త ఇంజనుకది విషమైపోదు. కొత్త కారుతో ఇచ్చిన, మీరు కవరు కూడా విప్పని పుస్తకం నేను చదివాను. అందులో అడిగిన గ్రేడూ, డబ్బా మీది గ్రేడూ ఒకటే. మెకానిక్ దగ్గరికి పరిగెత్తి తీయించారో, ఊరుకోను.

“కొత్త బండికి ఆయిలెందుకు తగ్గుతుందే, ఆ వెలిగే ఆయిల్ దీపమే తప్పు” అంటూ దాని మీద స్టిక్కర్ అంటించిన మనిషి నాకు పాఠాలు చెప్పక్కర్లేదు. ఆ స్టిక్కర్ పీకేశాను.

పన్నెండేళ్లు పాత బండికి ఆయిల్ పోసింది ఈ చేతులే. దాన్ని అమ్మేటప్పుడు మీరు నన్నడగలేదు. ఇది పోసేటప్పుడు నేనూ మిమ్మల్నడగలేదు. చెల్లుకు చెల్లు.

బస్సుకు టైమైంది, వెళ్తున్నా.

అన్నట్టు, ఖాళీ డబ్బా పారేయకండి. ఆ బండిది ఇంట్లో మిగిలింది అదొక్కటే.