నాన్నకు మళ్ళీ పెళ్ళి

నిజాంపట్నం,
12-2-1989.

మామయ్యకు నమస్కారం.

ముందు అమ్మను కూర్చోబెట్టి తర్వాత చెప్పండి. నాన్న బతికే ఉన్నాడు. ఇవాళ పొద్దున్న బస్సు దిగి వచ్చాడు. టెలిగ్రాం ఇస్తే కాగితం చూడగానే అమ్మ హడలిపోతుందని, రేపల్లెలో తెనాలి రైలెక్కబోతున్న మా మాస్టారి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

బోటు విరిగినప్పుడు తక్కినవాళ్ళను వెనక బోటు ఎక్కించుకుంది కదా. కెరటాలకు కొట్టుకుపోయిన నాన్న ఐసుపెట్టె మూత పట్టుకుని, వాన నీళ్ళు తాగుతూ ఒక్కడే తేలాడట. నిద్ర రాకుండా, అమ్మ ఎదురుగా ఉన్నట్టే గట్టిగా పోట్లాడాడట. చివరికి ఒరిస్సా బోటువాళ్ళు చూసి ఎక్కించుకున్నారు. ఒళ్ళు తెలియని జ్వరంతో అక్కడి ఆసుపత్రిలోనే ఉండిపోయాడు.

ఈలోగా మనం పెద్దకర్మ చేసేశాం, మీరు అమ్మను మీ ఇంటికి తీసుకెళ్ళారు. అందుకని మళ్ళీ నామకరణం చేసి, అమ్మకు మళ్ళీ తాళి కట్టించాకే గడప దాటనిస్తామని పెద్దలు తేల్చారు. నాన్న అరుగు మీదే అన్నం తింటున్నాడు. "పేరు పాతదే పెట్టండయ్యా, రేషన్ కార్డు కోసం మళ్ళీ తిరగలేను" అని అందర్నీ నవ్విస్తున్నాడు.

నన్ను మాత్రం పక్కకు పిలిచాడు. "మొదటి పెళ్ళప్పుడు మీ అమ్మ ఇష్టం ఎవరూ అడగలేదమ్మా, నేనూ అడగలేదు. ఈసారి అడగమని మీ మామకు రాయి. సముద్రం మానమంటే మానేస్తాననీ రాయి" అన్నాడు.

అమ్మ ఒప్పుకుంటుందని నాకు తెలుసు. అయినా అడగండి మామయ్యా. ఆలోచించుకుని చెబుతానంటే తొందరపెట్టకండి. నాన్న అరుగు మీద ఆగుతాడు, అన్నం నేను పెడతాను.

మీ మేనకోడలు