ఇత్తడి రైలింజన్‌కు కొత్త మోటారు

బాగేపల్లి, మంగళవారం

మా ఆయన దగ్గు ఇంకా తగ్గలేదు. కోడలి మోకాలు పర్వాలేదు. నా బీపీ మాత్రం చింతామణి పోయొచ్చినప్పటి నుంచి దిగలేదు.

ఆయన ప్రాణంగా చూసుకునే మూరెడు ఇత్తడి బొమ్మ రైలింజన్ ఆగిపోయింది. అప్పటి నుంచి ఆయన సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. అందుకే కొత్త మోటారు వేయించడానికి నేనే చింతామణిలో మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. మెకానిక్ పాత మోటారు విప్పి నా చేతిలో పెట్టి, ఇంజన్ను లోపలికి తీసుకుపోయాడు. ఇత్తడిది దాచుకుని వేరేది ఇస్తే?

“అడుగున మా ఆయన పేరు కొట్టియ్యప్పా,” అన్నాను.

“ఇదేమన్నా బిందెనా అమ్మా? పేరు కొడితే రేటు పడిపోతాది.”

“మేం అమ్మేది లేదు కదా. రేటుతో నీకేం పనప్పా?”

నవ్వాడు.

శనివారం రమ్మన్నాడు. నేను శుక్రవారమే పోతాను.