మధు రికార్డు మోగింది

అన్నయ్యా, ఇక్కడ అందరం కులాసా. మా మధు గురించి ఇక బెంగ పెట్టుకోకు. ఉద్యోగం మానేసి వాడు కంప్యూటర్లో కట్టిన హౌస్ మ్యూజిక్ అనే డాన్సు పాటలు గ్రామఫోను రికార్డుగా వచ్చాయి. ఆ రికార్డుల పెట్టె షాలిమార్ రైల్వే స్టేషన్లో ఎండకు పడి ఉందని, రికార్డులు వంగిపోయుంటాయని వాడు అన్నం మానేశాడు. ఏడాదిగా వాడితో మాట్లాడని మీ బావే వెళ్ళి భుజాన మోసుకొచ్చారు. పక్కింటి బిమల్ దాదా గ్రామఫోను మిషను మీద వేస్తే చక్కగా మోగింది. మీ బావ చివరిదాకా విని, “ఏట్రా, ఇందులో మాటల్లేవేటి?” అన్నారు. మధు బిక్కమొహం వేశాడు. “సర్లే, మరోపాలి ఎయ్యి” అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వదిన మోకాలి నొప్పి తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే ఎండుచేపలు పంపు. మేనకోడలు సునీతకు మా దీవెనలు. మధు మేనమామకని ఒక రికార్డు తీసి పెట్టాడు. మీ వీధిలో ఎవరింట్లోనైనా మిషను ఉందేమో కనుక్కో.

నీ చెల్లెలు దుర్గాదేవి