వెనక వరసలోంచి వన్స్ మోర్

యీషున్,
సింగపూర్.

అన్నయ్యకు,

శేషు నమస్కరించి రాస్తున్నాను. వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నువ్వు బాగున్నావా అని అడగడానికి నాకు మొహం లేదు. ఆదివారం ఫోన్లో వదిన అంతా చెప్పింది. గొంతులో గడ్డ చెడ్డదేనని గుంటూరు డాక్టరు తేల్చేశాడట. తీయకపోతే ఏడాది కూడా కష్టమన్నాడట, తీస్తే పాటతోపాటు మాట కూడా పోతుందన్నాడట. నువ్వేమో "జనం వన్స్ మోర్ అంటున్నంత కాలం నా గొంతు మీద కత్తి పడనివ్వను" అని, కాగితం మీద సంతకం పెట్టకుండా లేచి వచ్చేశావట. ఈ ఉత్తరం ఆ మాట గురించే. తిన్నగా రాయడానికి ధైర్యం చాలక ముందు ఇక్కడి కబుర్లు రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

నా ఒంట్లో బాగానే ఉంది, దిగులు పెట్టుకోకండి. పాత బ్యాంకు ప్రోగ్రాముల్లో సంవత్సరం రెండంకెలుగా ఉన్నచోటల్లా నాలుగంకెలు చెయ్యడం మా పని. పొద్దస్తమానం అదే. లోపల ఏసీ చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి, బయటికొస్తే చెమటలు కారిపోతాయి. అన్నం వండుకుంటున్నాను, వదిన ఇచ్చిన కందిపొడి ఇంకా ఉంది. ఆఫీసులో తెలుగువాళ్ళం నలుగురమున్నాం గానీ జీతాలు, ఫ్లాట్లు తప్ప వేరే మాట లేదు. మనసు విప్పి చెప్పుకుందామంటే ఒక్కడూ లేడు. నేను మాత్రం బాగానే ఉన్నాను.

నేనుండే గది లిమ్ అంకుల్ గారి ఫ్లాట్లోది. ఆయన బడిపంతులుగా చేసి రిటైరయిన చైనా పెద్దాయన. భార్య పోయింది. ఆయనకు ఒకటే పిచ్చి, ఇటలీ పాటలు. వాళ్ళ సంగీత నాటకాల్లో కథ ఆగిపోయి, పాత్రధారి నిలబడి తన గోడంతా పాడుకుంటాడు. దాన్ని ఆరియా అంటారు. మన పద్యమే అనుకో. పై శ్రుతిలో పాడే మగవాణ్ణి టెనర్ అంటారట. వాళ్ళలో ప్రపంచమంతా పేరుమోసిన ఒకాయన ఉన్నాడు, ఆ పేరు నాకు నోరు తిరగదు. ఈమధ్య ఇక్కడ ఎక్కడ చూసినా ఆయన పాటే. టాక్సీలో అదే, లిఫ్టులో అదే, ఆఖరికి సబ్బు ప్రకటనలో కూడా అదే! ఇటలీ భాష ఒక్క ముక్క రానివాళ్ళు కూడా కూనిరాగాలు తీస్తుంటారు.

మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. ఒకరోజు క్యాసెట్లో ఆయన చివరి స్వరం పట్టి, వదలకుండా అలా నిలబెట్టేశాడు. కంచం చేత్తో పట్టుకుని నేనూ అలాగే నిలబడిపోయాను. నువ్వే గుర్తొచ్చావన్నయ్యా. వెంటనే నీ క్యాసెట్ తెచ్చి పెట్టాను. పోయిన శివరాత్రి నాటకంలో వెనక వరసలో కూర్చుని నేను రికార్డు చేశానే, అది. అంకుల్ కళ్ళు మూసుకుని విన్నారు. "యువర్ బ్రదర్, బ్రెత్ వెరీ గుడ్ లా," అన్నారు. మాట చివర ఆ "లా" ఇక్కడివాళ్ళ ఊతపదంలే. కాసేపటికి మొహం మారిపోయింది. "థర్డ్ టైమ్ వై సింగ్? త్రోట్ పెయిన్ ఆల్రెడీ," అన్నారు. జనం వన్స్ మోర్ అడిగితే మా దగ్గర చచ్చిపడ్డ పాత్ర కూడా లేచి పాడి మళ్ళీ చస్తుందని గొప్పగా చెప్పాను. ఆయన నవ్వలేదు.

పోయిన శనివారం ఆ టెనర్ ఇక్కడికే వచ్చాడు. ఆంటీ పోయి రెండేళ్ళయినా రెండు టికెట్లు కొనే అలవాటు అంకుల్‌కి పోలేదు. "కమ్ శేషు, మకాన్ ఫస్ట్," అని, అంటే ముందు తిండి అని, నూడుల్స్ తినిపించి మరీ తీసుకెళ్ళారు. టెనర్‌కి వయసు మీదపడింది. చివరి ఆరియాలో పై స్వరం అందుకోబోతే గొంతు జీరబోయి తెగిపోయింది. పాడేవాడు తడబడితే మనవాళ్ళం వన్స్ మోర్ అని నిలబెట్టేస్తాం కదా. ఆ అలవాటుకొద్దీ లేచి నిలబడి "వన్స్ మోర్!" అని అరిచాను. అందరూ నావైపు తిరిగారు. ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు కాబోలు ఆయన, నాకేసి ఒక్కసారి చూసి, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఇక రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర అంకుల్ నీ క్యాసెట్ పెట్టి, వన్స్ మోర్ అన్నచోట ఆపారు.

"దిస్ వాయిస్, యూ, ఈజ్ ఇట్?"

"నేనే అంకుల్," అన్నాను ఇంగ్లీషులో.

"థర్డ్ టైమ్ ఆల్సో యూ?"

తల ఊపాను. "యూ లవ్ హిమ్, ఐ నో. బట్ యూ డోంట్ లిజన్ లా," అని కప్పు అక్కడే వదిలేసి గదిలోకి వెళ్ళిపోయారు.

అదీ సంగతి అన్నయ్యా. వన్స్ మోర్ అన్నది జనం కాదు, నేను. ఆ ఒక్కరోజే కాదు, నాలుగేళ్ళుగా నేనే. జనం టీవీలకు మరిగి నాటకం సగంలోనే లేచిపోతుంటే, నువ్వు రంగు కడుక్కోకుండా దిగాలుగా కూర్చోవడం చూడలేక మొదలుపెట్టాను. హైదరాబాదు నుంచి బస్సెక్కి వచ్చేవాణ్ణి. మన వీధి మస్తానుకీ సుబ్బుకీ సోడాలు తాగించి నాతోపాటు అరిపించేవాణ్ణి. నువ్వు కిరీటం సర్దుకుని ఛాతీ పొంగించి మళ్ళీ అందుకుంటుంటే నాకెంత గర్వంగా ఉండేదో! శివరాత్రికి రెండోసారికే నీ గొంతు బొంగురుపోయింది. నాకు తెలిసింది. జనం తువ్వాళ్ళు దులుపుకుని లేస్తున్నారు కూడా. అయినా మూడోసారి అరిచాను. మర్నాడు ఉమ్మితే నెత్తురు పడిందని వదిన భయపడితే, తాంబూలంలో సున్నం ఎక్కువై నోరు పొక్కిందేమోలే అన్నాను. ఆరోజే నిన్ను డాక్టరుకు చూపించి ఉంటే ఎలా ఉండేదో! అది తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

నమ్మకపోతే నీ దగ్గరున్న కాపీ పెట్టి విను. మూడు గొంతులే ఉంటాయి. నీ పాట మీద నాకు అనుమానం లేదు, అది నిజం. చప్పట్లూ నిజమే. వన్స్ మోర్లే అబద్ధం. లేని జనం కోసం ప్రాణం తీసుకోకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ ఉత్తరం అందిన రోజే గుంటూరు వెళ్ళి సంతకం పెట్టు. సెలవు అడిగాను, ఈ పని పూర్తయ్యేదాకా ఎవరినీ కదలనివ్వరట. ఖర్చు గురించి ఆలోచించకు, అది నేను చూసుకుంటాను. వదిన ఒక్కతీ కంగారుపడుతుంది, మస్తానును వెంట తీసుకెళ్ళు.

హార్మోనియం మాస్టారికి నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. ఎన్ని తిట్టుకున్నా చివర్లో ఒక దీవెన పడెయ్యి, ఇక్కడ నాకు అదే అండ.

ఆపరేషన్ అయ్యాక ఆదివారం మామూలుగానే ఫోన్ చేస్తాను. వదిన మాట్లాడుతుంది. ఒక్క నిమిషం నువ్వు రిసీవర్ తీసుకో. మాట్లాడలేవని తెలుసు, నేనే మాట్లాడతాను. నా గొంతు విని కోపమొస్తే ఠపీమని పెట్టెయ్యి. ఆ చప్పుడు వినపడితే చాలు, ఉన్నావని తెలుస్తుంది.

ఇట్లు,
నీ తమ్ముడు
శేషు