కరెంటు మా మాట వినడం లేదు

మహేశ్వరం,
5 జూన్ 2012

శ్రీ కుర్మయ్య గారికి,

నమస్కారం. నేనెవరో మీకు తెలియదు. నా పేరు రాజారావు. తపాలా శాఖలో ముప్పై నాలుగేళ్ళు చేసి పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మహేశ్వరం దారిలో ఎకరం జామతోట కొని, అందులోనే చిన్న ఇల్లు కట్టుకుని నేనూ, మా ఆవిడ వసుంధరా ఉంటున్నాము. చుట్టుపక్కల మేకలన్నిటికీ మా తోట సంగతి తెలిసిపోయింది.

మాకు బోరు వేసిన యాదయ్య మీ దగ్గర గొర్రెల కుక్కలుంటాయని చెప్పాడు. నాకు రెండు నెలల పిల్ల కావాలి. పెద్ద కుక్క మాత్రం వద్దు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. పిల్లప్పుడే తెచ్చుకుంటే మన మాట, మన పద్ధతి నేర్చుకుంటుంది. కుక్కపిల్లల పెంపకం మీద పుస్తకం కూడా కొన్నాను, నలభై పేజీలు పూర్తయ్యాయి.

యాదయ్య ఇచ్చిన నెంబరుకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ మీ నెత్తిన విమానం దిగింది, ఒక్క ముక్కా వినపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఇట్లు,
రాజారావు

తా.క.: మా ఆవిడకు కుక్కలంటే సరిపడదు. మీరేం పట్టించుకోకండి, నేను చెప్పుకుంటాను.



కొత్వాల్‌గూడ,
12 జూన్ 2012

రాజారావు గారికి కుర్మయ్య నమస్కరించి రాయిస్తున్నది. రాస్తున్నది నా కోడలు సంతోషి. బుద్వేల్‌లో ప్రైవేటు బడిలో తెలుగు చెబుతుంది.

నా వద్ద కుక్కపిల్లలు లేవు. అసలు గొర్రెలే లేవు. మేపుకునే బీళ్ళన్నీ ప్లాట్లయ్యాయి. పోయిన నెల మందను అమ్మేశాను. ఈ నెలాఖరుకు బుద్వేల్‌లో కొడుకు కిరాయి ఇంటికి పోతున్నాను. ఆ ఇంటి ఓనరు కుక్కను గేటు లోపలికి రానివ్వనన్నాడు. నా దగ్గర ఉన్నది అదొక్కటే. వయసు నాలుగేళ్ళు. దాని పరుగు చూసి కరెంటు అని పేరు పెట్టాను. దానికో చోటు దొరక్కపోతే ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

పిల్లను పెంచడం తమరనుకున్నంత తేలిక కాదు. ఆరు నెలలు చెప్పులు కొరుకుతుంది. రెండేళ్ళు దాటితే గాని పని రాదు. పని తెలిసిన కుక్క అలా కాదు, వచ్చిన రోజే తన మంద ఏదో చూసుకుంటుంది. పైగా తమరు రిటైరయ్యారు. పిల్ల పెద్దదయ్యేదాకా తమరు కూడా ఉండాలి కదా.

ఇట్లు,
కుర్మయ్య (వేలిముద్ర)

తా.క.: ఆ చివరి వాక్యం రాయనని చెప్పాను. రాయకుంటే అన్నం ముట్టనని కూర్చున్నారు. మన్నించండి. – సంతోషి



మహేశ్వరం,
2 జూలై 2012

కుర్మయ్య గారికి,

నమస్కారం. నాకు తొంభై రెండేళ్ళ ఆయుష్షుందని మా ఊరి సిద్ధాంతి రాసిచ్చాడు. ఆ కాగితం భద్రంగానే ఉంది.

మొన్న మీరు కరెంటును ఆటోలో తెచ్చి, జామచెట్టుకు కట్టి, మంచినీళ్ళు తాగమన్నా తాగకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు. మీ ముఖం చూసి పెద్ద కుక్క వద్దనలేకపోయాను, ఏమీ అడగనూ లేకపోయాను. ఇప్పుడు అడగక తప్పడం లేదు.

కుక్క మంచిదే. పెట్టింది తింటుంది, ఇంట్లోకి రాదు. కాని మేకలు తోటలో పడినప్పుడు ‘పట్టు! తరుము! తోలెయ్యి!’ అని నేను అరుస్తుంటే, కూర్చుని నా ముఖం కేసి చూస్తోంది. మేకలూ నా ముఖమే చూస్తున్నాయి, నములుతూ. చివరికి ఆ మేకల్ని నేనే తోలాను. కుక్క నా వెనకే వచ్చింది, నాకు పని వచ్చో రాదో చూడ్డానికి వచ్చినట్టు.

మీరు దానితో ఏ పనికి ఏ మాట అనేవారో దయచేసి రాసి పంపండి.

ఇట్లు,
రాజారావు

తా.క.: పేరుతో కూడా ఇబ్బందిగానే ఉంది. మా ఆవిడ ‘కరెంటొచ్చిందా?’ అని అడిగితే ఫ్యాను వెయ్యాలో గిన్నెలో అన్నం వెయ్యాలో తెలియడం లేదు.



బుద్వేల్,
9 జూలై 2012

రాజారావు గారికి కుర్మయ్య నమస్కరించి రాయిస్తున్నది.

మాటలు రెండే. తరమవలసి వచ్చినప్పుడు ‘పరుగెత్తుము’ అనవలెను. అది లేచి, చుట్టూ తిరిగి, ఎన్ని ఉన్నా ఒక్కచోటికి చేర్చి కాపలా కూర్చుంటుంది. ఆపవలసినప్పుడు ‘చాలించుము’ అనవలెను. ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. ఒక మాటకు ఒక పని, అంతే. దానికి నేను ఎప్పుడూ రెండోసారి చెప్పలేదు.

అది సరిగ్గా తింటున్నదా? నన్ను వెతుకుతున్నదా? ఈ సంగతి రాయండి.

ఇట్లు,
కుర్మయ్య (వేలిముద్ర)

తా.క.: మామయ్య మాట కొంచెం మొరటుగా ఉంటుంది. తమరు చదువుకున్నవారు, కోస్తావారు. చదివి నవ్వుకుంటారని అంతా సరిచేసి, మంచి తెలుగులో రాశాను. – సంతోషి



మహేశ్వరం,
23 జూలై 2012

కుర్మయ్య గారికి,

నమస్కారం. మీరు రాసినట్టే మేకల ఎదుట నిలబడి మూడు రోజులు ‘పరుగెత్తుము’ అన్నాను. రాగం తీసి కూడా అన్నాను. మేకలు మర్యాదగా విన్నాయి. కరెంటు ఆవలించింది.

అంతటితో పోతే బాగుండేది. నిన్న ఆదివారం మా పాత సూపరింటెండెంటు ఉదయభాస్కర్ గారు, భార్య ప్రేమలత గారితో, అల్లుడితో తోట చూడ్డానికి వచ్చారు. కరెంటు రెండుసార్లు మొరిగింది. కొత్తవాళ్ళు కదా అని ‘ఊరుకో’ అన్నాను. అంతే, లేచింది! ‘ఊరుకో, ఊరుకో’ అని నేను మొత్తుకునేకొద్దీ వేగం పెంచి, ముగ్గురి చుట్టూ తిరిగి తిరిగి, పంపుషెడ్డు మూలకు చేర్చి కాపలా కూర్చుంది. కరవలేదు, ఒప్పుకుంటాను. కాని డివిజను మొత్తాన్ని గడగడలాడించిన మనిషి అరగంటసేపు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ‘చాలించుము, చాలించుము’ అని నేను చేతులు జోడిస్తే, భాస్కర్ గారు తనతోనే అంటున్నాననుకుని ‘నేనేం చేశానయ్యా?’ అన్నారు.

ఇవాళ కరెంటు బిల్లు తీసేవాడు వచ్చాడు. వాణ్ణీ చేర్చింది.

చెయ్యమంటే చెయ్యదు, ఊరుకోమంటే ఊరుకోదు. నేను ముందే చెప్పాను, పెద్ద కుక్క వంగదని. మీ మీద నాకు కోపం లేదు. మీకు అక్కడ చోటు లేదనీ తెలుసు. కాని ఇంటికి మనుషులు రాకపోతే ఎలాగండీ? వచ్చే నెల ఐదో తేదీ ఆదివారం ఆటోలో వెనక్కి పంపిస్తున్నాను.

ఇట్లు,
రాజారావు

తా.క.: గొడవంతా జరుగుతున్నంతసేపూ మా ఆవిడ వరండాలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వణికిపోయింది. పాపం, బాగా భయపడింది.



బుద్వేల్,
28 జూలై 2012

రాజారావు గారికి,

నమస్కారం. తమరి ఉత్తరం మామయ్యకు చదివి వినిపించాను. విని ఇలా అన్నారు:

“సారూ, నాలుగేండ్ల సంది అది ఒక్కదినం నా మాట దాటలే. ఉరుకు అంటె ఉరికింది, బస్ అంటె కూసున్నది. ఎండల నాతోని తిరిగింది, నా సద్దిల సగం తిన్నది. గసుంటిది గిప్పుడు మాట ఇంటలేదంటె నేనెట్ల నమ్మాలె? గొర్లు పాయె, ఊరు పాయె. ఈడ ఓనరు గేటు కాడ్నే ఆపుతడు. రోడ్డు మీద ఇడిసిపెట్టి నేను లోపట పండుకోవాల్నా? ఇంకో వారం ఉంచుకో సారూ, జర దయ సూడు.”

ఆ మాట అని గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఉత్తరం మీద వేలిముద్ర కూడా వెయ్యలేదు.

ఇట్లు,
సంతోషి

తా.క.: ఈసారి దిద్దడానికి మనసు రాలేదు, అన్నది అన్నట్టే రాశాను. బడిలో పిల్లలు ఇలా రాస్తే ఎర్రసిరాతో సున్నా చుడతాను. తమరు దయచేసి నవ్వకండి.



మహేశ్వరం,
3 ఆగస్టు 2012

చిరంజీవి సంతోషికి వసుంధర ఆశీస్సులు.

ముందుగా మీ మామగారికి ఈ ఒక్క మాట చదివి వినిపించు: కరెంటు ఎక్కడికీ వెళ్ళదు. ఇది రాస్తుంటే నా కాళ్ళ దగ్గరే పడుకుని ఉంది. బాగా తింటోంది. సాయంత్రాలు గేటు వైపు చూస్తుంది, ఆయన కోసమే అయ్యుంటుంది.

మొన్న మీ ఉత్తరం వచ్చింది. ఈయన రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, అయినా ఆటోవాడి నెంబరు వెతకడానికి లేచారు. బల్ల మీద పెట్టిన కాగితం నేను తీసుకున్నాను. ‘ఉరుకు’ అన్నచోట ఆగిపోయానమ్మా. మా ఇళ్ళలో ఎవరినైనా నోరు మూసుకోమనాలంటే ‘ఊరుకో’ అంటాం. ఈయన ఊరుకోమంటే, అది ఉరకమన్నారనుకుంది. ఎంత గట్టిగా వద్దంటే అంత శ్రద్ధగా పనిచేసింది. నీ ‘పరుగెత్తుము’ దాని జన్మలో వినలేదు.

అప్పుడే మేకలు వచ్చాయి. నేను మెట్ల మీద నిలబడి “ఉరుకు” అన్నాను. దుమ్ము లేచింది. చూస్తుండగానే మేకలన్నీ కంచె దగ్గర ఒక్క కుప్ప. “బస్” అన్నాను. టక్కున కూర్చుంది. ఈయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. అవతల ఆటోవాడు హలో హలో అంటూనే ఉన్నాడు.

ఇక నీకొక్కదానికే ఒక నిజం చెబుతాను. ‘ఊరుకో’ అంటే అది లేస్తుందని నాకు రెండో రోజే తెలుసు. ఎందుకో తెలియదు, ఆ మాటకేనని మాత్రం కనిపెట్టాను. చెప్పలేదు. పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళుగా నేను నోరు తెరిస్తే ఈయన ‘నువ్వూరుకో’ అంటారు. తోట కొనేటప్పుడు అన్నారు. కుక్కలంటే నాకు చాలా ఇష్టమని చెప్పబోతే కూడా అన్నారు. ఆ మాటకు ఊరుకోని ప్రాణి ఒకటి మా ఇంటికి వచ్చిందని లోలోపల పండగ చేసుకున్నాను. వెనక్కి పంపేదాకా వస్తుందనుకోలేదు. నా ముచ్చటకి మీ మామగారి మనసు కష్టపెట్టాను. తప్పు నాది, నన్ను క్షమించమని ఆయనకు చెప్పు. ఇద్దరూ వచ్చే ఆదివారం భోజనానికి రండి. నిన్ను చూడాలని ఉంది.

నీ ఉత్తరం చదివి నేను నవ్వలేదమ్మా, ఏడ్చాను. పిల్లలు ‘ఉరుకు’ అని రాస్తే ఇక సున్నా చుట్టకు.

ఇట్లు,
వసుంధర

తా.క.: నిన్న నేనేదో చెబుతుంటే ఈయన అలవాటుకొద్దీ “నువ్వూరుకోవే” అనేశారు. కరెంటు లేచి, ఈయన చుట్టూ తిరిగి తిరిగి, తోసుకుంటూ తెచ్చి నా కుర్చీ ఎదుట నిలబెట్టి కాపలా కూర్చుంది. ముప్పై ఆరేళ్ళవి కదా, చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. గంటన్నర అయినా నేను బస్ అనలేదు.